మంచుగడ్డ స్వయంగా హాజరు కావలెను

వాతావరణం మారినందువల్ల నష్టపోయామని చెప్పుకునేవాళ్లు, వాతావరణం మారిందని ముందుగా రుజువు చెయ్యాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేనాటికి మువ్వలరేవులో రెండు వీధులు సముద్రంలో ఉన్నాయి. మూడో వీధి సగం మిగిలింది.

నా పేరు గేదెల జగన్నాథం. అప్పట్లో నేను తీరకోత పరిశీలన డైరెక్టరేట్‌లో సి-సెక్షన్ సూపరింటెండెంటుని. తీరం కోసుకుపోకుండా ఆపడం మా పని అని బయట చాలామంది పొరబడేవారు. ఆపడం మా పని కాదు, పరిశీలించడమే. మూడు నెలలకొకసారి ఎంత కోసుకుపోయిందో కొలిచి, నివేదిక రాసి పైకి పంపేవాళ్లం. ఆ రకంగా చూస్తే మా డైరెక్టరేట్ పని ఎన్నడూ వెనకబడలేదు.

ప్రతి సోమవారం అర్జీలు తీసుకునేవాళ్లం. మువ్వలరేవు నుంచి మైలపల్లి కాసులమ్మ అనే ఆవిడ ఏడేళ్లుగా ఒకే అర్జీ పట్టుకొచ్చేది. అరవై దాటిన మనిషి. ఎండుచేపలు అమ్మేది. ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసింది. ఆవిడ అడిగేది పెద్దదేమీ కాదు. తమ రెండు వందల పన్నెండు ఇళ్లకూ లోపలికి ఎక్కడో ఒకచోట మెట్ట మీద జాగా చూపించాలని. ఏటా అర్జీలో ఇళ్ల సంఖ్య మాత్రం తగ్గేది. ఆ ఏడు నూట నలభై అని రాయించుకొచ్చింది.

కొత్త ఉత్తర్వు గురించి ఆమెకు చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. అందులో నాలుగో పేరా నేనే చదివి వినిపించాను. "సముద్ర సమీపమున నివసించువారు సముద్రముతో స్వప్రయోజన సంబంధము కలిగియున్నందున, సదరు వ్యక్తుల కంటిసాక్ష్యము చెల్లదు."

కాసులమ్మ కాసేపు ఆలోచించింది.

"మా ఇంటి మీదకి సముద్రం వొచ్చినాదంటే మేం గాక ఇంకెవులు సూత్తారు బాబూ? కొండ మీదోలు సూత్తారేటి?"

కొండ మీదివాళ్లు చెబితే చెల్లుతుందని, వాళ్లకు సముద్రంతో సంబంధం ఉండదు కాబట్టి వాళ్లను నిష్పక్షపాత సాక్షులుగా భావించవచ్చని ఆరో పేరాలో ఉంది. అదీ చదివి వినిపించాను. ఆమె అర్జీ మడిచి రొంటిన పెట్టుకుని వెళ్లిపోయింది.

మూడు వారాల తరవాత ఆమె మళ్లీ వచ్చినప్పుడు వెంట ఒక డాక్టరమ్మ ఉంది. వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసిన డాక్టరు. పేరు హైమవతి. నలభై ఐదేళ్లుంటాయి. దక్షిణ ధ్రువానికి మూడుసార్లు వెళ్లి, అక్కడి మంచులో గొట్టాలు దింపి, లోతుల్లోంచి మంచు కడ్డీలు తీసి చదివిన మనిషి. మువ్వలరేవులో ఆటుపోట్లు కొలవడానికి వచ్చి, కాసులమ్మ దగ్గర ఎండు నెత్తళ్లు కొంటూ కథంతా విన్నదట. రుజువు కావాలంటే నేను రాసిస్తానని నలభై పేజీల నివేదిక రాసి తెచ్చింది.

ఆవిడ నాకు విడమరిచి చెప్పిన ముక్కలు ఇప్పటికీ గుర్తున్నాయి. ధ్రువంలో కురిసిన మంచు కరగదు. ఒక ఏటి మంచు మీద మరుసటి ఏటి మంచు పడుతుంది. పడ్డప్పుడల్లా ఆనాటి గాలి కాస్త బుడగలుగా లోపల చిక్కుకుంటుంది. అలా లక్షల ఏళ్ల గాలి పొరలు పొరలుగా అక్కడ దాగి ఉంది. ఆ బుడగలు పగలగొట్టి చూస్తే ఎనిమిది లక్షల ఏళ్లలో ఎప్పుడూ లేనంత బొగ్గుపులుసు వాయువు ఇవాళ్టి గాలిలో ఉంది. దాంతో భూమి వేడెక్కుతోంది, ధ్రువాల అంచుల్లో మంచు కరుగుతోంది, సముద్రం పెరుగుతోంది. మువ్వలరేవు మూడో వీధి దాకా వచ్చింది అదే.

నేను నివేదికకు ఇన్‌వర్డ్ నంబరు వేసి డైరెక్టర్ చిత్తరంజన్ గారి ముందు పెట్టాను. చిత్తరంజన్ గారు చాలా జాగ్రత్త గల మనిషి. సంతకం చేసే ముందు తన పేరు సరిగా రాశారో లేదో కూడా ఒకసారి చూసుకునేవారు. నివేదిక మొత్తం చదివి, పందొమ్మిదో పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర గీత గీశారు. "ఈ విషయాన్ని ధ్రువపు మంచు వెల్లడిస్తోంది" అని ఉంది అక్కడ.

"వెల్లడించేది మంచు అయినప్పుడు సాక్షి మంచే అవుతుంది కదండీ. డాక్టర్ గారు కేవలం అనువాదకురాలు" అన్నారు.

అనువాదకురాలిగానైనా ఆమె మాట నమోదు చేద్దామని నేను సూచించాను. పక్కన కూర్చున్న జాయింట్ డైరెక్టర్ ఫణిభూషణ్ గారు అభ్యంతరం లేవదీశారు. ఆయనకు సంస్కృతం వచ్చు. హైమవతి అనగా హిమవంతుని కుమార్తె అని, పేరును బట్టి చూస్తే ఆమె సాక్షికి అతి దగ్గరి బంధువు అవుతుందని, కాబట్టి అనువాదానికి తగదని ఫైలు మీద రాశారు. డైరెక్టర్ గారు దాన్ని ఆమోదించారు.

ఆ మధ్యాహ్నమే నోటీసు వెళ్లింది. డ్రాఫ్టు నాదే. "పై విషయమై సదరు మంచుగడ్డ స్వయంగా హాజరు కావలెను. గైర్హాజరైనచో అర్జీ కొట్టివేయబడును."

హైమవతి గారు కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ నోటీసు రెండుసార్లు చదివి, తేదీ ఎప్పుడని మాత్రం అడిగింది. అర్జీ కొట్టేస్తారని రాశారు కాబట్టి వేరే దారి లేదంది. మంచు భద్రపరిచే పరిశోధనాలయం వాళ్లతో నెల రోజులు ఉత్తరాలు నడిపి, పరీక్షలన్నీ అయిపోగా మిగిలిన ఒక కడ్డీ సంపాదించింది. మోచేయంత పొడవు, అరటి బోదె కంటే కాస్త సన్నం. దాన్ని మందపాటి పెట్టెలో పెట్టి, చుట్టూ పొగలు కక్కే పొడి మంచు నింపి, వ్యానులో తానే పక్కన కూర్చుని తీసుకొచ్చింది.

మా దగ్గర సాక్షుల వివరాలు కంప్యూటరులో ఎక్కించాలి. పుట్టిన తేదీ అడిగాను. పదకొండు వేల ఏళ్ల కిందటిదని చెప్పింది. కంప్యూటరు నూట ఇరవై ఏళ్లు దాటిన వయసు తీసుకోదు. సాంకేతిక విభాగం వాళ్లకు ఫోన్ చేస్తే, తేదీ తెలియని వాళ్లందరికీ జనవరి ఒకటిన అత్యధిక వయసు వెయ్యమన్నారు. అలా ఆ మంచు వయసు నూట ఇరవై ఏళ్లుగా నమోదైంది. వయోవృద్ధ సాక్షి కాబట్టి ఆరోగ్య ధ్రువపత్రం అవసరమైంది. ప్రభుత్వ వైద్యాధికారి వచ్చి, చెయ్యి వేసి చూసి, "స్పర్శకు అతి చల్లగా ఉన్నది. నాడి అందలేదు. అయినను వాంగ్మూలము ఇచ్చుటకు యోగ్యమైనది" అని రాసిచ్చి వెళ్లారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఎనభై దాటిన సాక్షులకు ఇంటి దగ్గరే వాంగ్మూలం ఇచ్చే హక్కు ఉంది. ఆ హక్కు కాలరాయకూడదని డైరెక్టర్ గారు గట్టిగా అభిప్రాయపడ్డారు. సాక్షిని తిరిగి దక్షిణ ధ్రువానికి తీసుకెళ్లి అక్కడే విచారణ జరపడానికి తాను, ఫణిభూషణ్ గారు, మరో ఇద్దరు అధికారులు సిద్ధంగా ఉన్నామని ప్రభుత్వానికి రాశారు. పై నుంచి ఇరవై రోజులకు జవాబు వచ్చింది. సదరు ప్రాంతం ఏ మండల పరిధిలోనిదో తెలియజేయాలని అడిగారు. తెలియజేయలేకపోయాం.

ఆ ఇరవై రోజులూ మంచును దాచడమెలా అన్నది మా ముందున్న పెద్ద సమస్య. కాసులమ్మ సులువైన మార్గం చెప్పింది. రేవులో చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, అందులో శీతల గది ఉంది, అక్కడ పెడితే ఏళ్లు గడిచినా చెక్కుచెదరదు అంది. హైమవతి గారు కూడా వెళ్లి చూసి సరేనంది. అర్జీదారుల చేపల పక్కన సాక్షిని ఉంచితే సాక్షి ప్రభావితమయ్యే ప్రమాదం ఉందని ఫణిభూషణ్ గారు కాదన్నారు. సాక్షి కార్యాలయం అదుపులోనే ఉండాలి.

అందుకని ఐస్‌క్రీములు అమ్మేవాళ్లు వాడే పెద్ద ఫ్రీజరు ఒకటి తెప్పించి, కాన్ఫరెన్సు హాల్లో పెట్టాం. ఎండాకాలం. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది. ఫ్రీజరు మీద భారం పడకుండా హాల్లోని ఎనిమిది ఏసీలూ పదహారు డిగ్రీల మీద రాత్రింబవళ్లు నడపమన్నారు. వాటికోసం పెరట్లో లారీ అంత జనరేటరు దింపారు. సముద్రం ఎందుకు పెరుగుతోందో తేల్చడానికి రోజుకు నూట ఎనభై లీటర్ల డీజిలు కాల్చాం. పొగకు మా ఆఫీసు గోడ ఒకవైపు నల్లబడింది. హాలు పక్క గదుల్లో పనిచేసే వాళ్లకు పళ్లు కొట్టుకునేవి. మే నెలలో మంకీ టోపీలు పెట్టుకుని బస్సు దిగే ఉద్యోగుల్ని చూసి జనం ఆగి చూసేవాళ్లు. నేనూ మా ఆవిడ చేత స్వెట్టరు తీయించాను.

హైమవతి గారు ప్రతిరోజూ వచ్చేది. ఫ్రీజరు మూత అద్దంలోంచి చూసి, వేడి ఎంతుందో పుస్తకంలో రాసుకునేది. ఒకరోజు జనరేటరు చప్పుడు వింటూ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, ఇదంతా ఆపెయ్యమని తాను అర్జీ పెట్టుకోవచ్చా అని నన్నడిగింది. పెట్టుకోవచ్చని, అయితే దానికి కూడా ప్రాథమిక సాక్ష్యం జతచేయాలని చెప్పాను. ఆమె నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

విచారణ జూన్ పదకొండున జరిగింది. పొడవాటి బల్లకు ఆ చివర డైరెక్టర్ గారు, పక్కన ఫణిభూషణ్ గారు. ఈ చివర కాసులమ్మ, ఆమెతో వచ్చిన పదిమంది మువ్వలరేవు వాళ్లు. మధ్యలో స్టీలు పళ్లెంలో మంచు. నీలంగా, తెల్లగా, లోపల ఆవగింజల్లాంటి బుడగలతో ఉంది. నిజం చెప్పాలంటే అంత స్వచ్ఛమైన వస్తువు మా ఆఫీసులోకి అంతకు ముందెన్నడూ రాలేదు.

సాక్షి ఏమి చెప్పదలచుకున్నదో చెప్పవచ్చునని డైరెక్టర్ గారు ప్రకటించారు. హైమవతి గారు లేచి, ఈ సాక్షి గొంతు చిన్నది, జనరేటరు ఆపితేనే వినిపిస్తుందని మనవి చేసింది. డైరెక్టర్ గారు రాతపూర్వకంగా ఆదేశమిచ్చారు. జనరేటరు ఆగింది. దాంతో ఏసీలూ ఆగాయి. ఇరవై రోజుల తరవాత మొదటిసారి మా ఆఫీసులో నిశ్శబ్దం వినిపించింది.

ఆవిడ చిన్న ఉలితో వక్కంత ముక్క చెక్కి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో వేసింది. గ్లాసును డైరెక్టర్ గారి చెవి దగ్గర పెట్టింది. తరవాత ఒక్కొక్కరికీ అందించింది. నా వంతు వచ్చినప్పుడు విన్నాను. పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంది. అయితే మన వంటింట్లో కాదు, నాలుగిళ్ల అవతల ఎక్కడో పెడుతున్న పోపులా, అంత సన్నగా. పదకొండు వేల ఏళ్లు బిగబట్టుకున్న గాలి ఇప్పుడు బయటికొస్తోందని హైమవతి గారు చెప్పింది. ఈ గాలి చివరిసారి వీచినప్పుడు మనుషుల దగ్గర ఇంకా నాగలి లేదంది. నేను గ్లాసు అవతలివాళ్లకు ఇవ్వడం మరిచిపోయాను. ఎవరో చెయ్యి చాపితే ఇచ్చాను.

చివరికి గ్లాసు కాసులమ్మ దగ్గరికి చేరింది. ఆమె చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"మా ఇల్లు కూలీ ముందు గోడలోంచి అచ్చం ఇలాగే చప్పుడొచ్చిందమ్మా" అంది హైమవతి గారితో. "పిల్లల్ని లేపి బయటికి లాగీసినాను. తరవాత పడిపోనాది."



స్టెనో "సాక్షి చిటపటలాడెను" అని రాసుకుంది. ఫణిభూషణ్ గారు వెంటనే ఆ మాటను పట్టుకున్నారు. చిటపటలాడడం కోపానికి గుర్తని, కోపంలో ఉన్న సాక్షి నిష్పక్షపాతంగా మాట్లాడజాలదని, సాక్షి శాంతించేదాకా విచారణ ఆపాలని కోరారు. డైరెక్టర్ గారు గడియారం చూసి, భోజన విరామం ప్రకటించారు.

విరామంలో హాల్లో బయటివాళ్లు ఉండకూడదు. హైమవతి గారు మంచును ఫ్రీజరులో పెట్టబోతే, విచారణ మధ్యలో సాక్షిని కదిలించడం సాక్ష్యాన్ని తారుమారు చేయడం కిందికి వస్తుందని ఆపేశారు. ఆమెను బయటికి పంపి, అద్దాల తలుపుకు తాళం వేశారు. తాళం చెవి పట్టుకుని అటెండరు భోజనానికి వెళ్లాడు. జనరేటరు వెయ్యమని నేను మెకానిక్కును బతిమాలాను. ఆపమన్న ఆదేశంలో మళ్లీ ఎప్పుడు వెయ్యాలో రాయలేదని అతను కాగితం చూపించాడు. తప్పు నాదే. ఆ డ్రాఫ్టూ నేనే రాశాను. కొత్త ఆదేశం కోసం డైరెక్టర్ గారి గదికి పరుగెత్తాను. ఆయన పచ్చదనం పరిశుభ్రత వారోత్సవాల మీద వీడియో సమావేశంలో ఉన్నారు. లోపలికి ఎవరినీ పంపొద్దన్నారట.

తిరిగొచ్చేసరికి హైమవతి గారు అరచెయ్యి అద్దానికి ఆనించి నిలబడి ఉంది. లోపల పళ్లెంలో నీళ్లు చేరుతున్నాయి. బయట నలభై మూడు డిగ్రీలు. నేను పక్కన నిలబడ్డాను. కాసులమ్మ కొంగుతో ఆమె మెడ మీద చెమట తుడిచింది. ముగ్గురం అలాగే చూస్తూ ఉండిపోయాం. కడ్డీ మొదట గుండ్రబడింది, తరవాత పలకలా మిగిలింది, తరవాత తమలపాకంత, ఆపైన అదీ లేదు.

నాలుగు గంటలకు విచారణ తిరిగి మొదలైంది. పళ్లెం నిండా నీళ్లున్నాయి. సాక్షి ఎక్కడని డైరెక్టర్ గారు అడిగారు.

"కరిగిపోయింది సార్" అంది హైమవతి గారు. "అది చెప్పాలనుకున్నదీ అదే. వేడి తగిలితే కరుగుతాను, కరిగితే సముద్రాన్ని పొంగిస్తాను అని. మీ హాల్లోనే, మీ బల్ల మీదే చెప్పింది."

డైరెక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. "క్షమించాలి డాక్టర్ గారూ. అది వాంగ్మూలం కాదు, ప్రవర్తన. ప్రవర్తనను సాక్ష్యంగా పరిగణించే అధికారం ఈ కార్యాలయానికి లేదు."

విచారణ మధ్యలో రూపం మార్చుకున్నందుకు మంచును ఎదురుతిరిగిన సాక్షిగా ప్రకటించారు. ప్రస్తుతం పళ్లెంలో ఉన్నది నీరు కాబట్టి, విషయం నీటికి సంబంధించిన శాఖకు వెళ్లాలని తీర్మానించారు. నీటిని సీసాలో పోసి, సీలు వేసి, ఫైలుకు కట్టి పంపించాం. వాళ్లు పరీక్షలు చేయించి, ఈ నీరు తాగడానికి పనికొస్తుందని, ఇతరత్రా అభ్యంతరాలేమీ లేవని రాసి, నెల తిరక్కుండానే తిప్పి పంపారు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఈదురుగాలి వీచింది. మూడో రోజు అమావాస్య పోటుకు మువ్వలరేవులో మిగిలిన వీధులూ, బడీ, అమ్మవారి గుడి మెట్లూ పోయాయి. ముందే జనం రోడ్డెక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

నష్టం పరిశీలించడానికి మా సర్వేయరుతో పాటు నేనూ వెళ్లాను. రికార్డు ప్రకారం ఊరి సరిహద్దు రాయి దగ్గర నిలబడి కొలత మొదలుపెట్టాలి. రాయి ఉండవలసిన చోట సర్వేయరుకు నడుం లోతు నీళ్లు. గొలుసు పట్టుకుని అక్కడే నిలబడి అతను చుట్టూ చూశాడు. కొలవడానికి ఏమీ లేదు. గొలుసు చుట్టుకుని ఒడ్డుకు వచ్చి, ఫలానా సర్వే నంబర్లలో గ్రామం లభ్యం కాలేదని రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యంతో ఏడేళ్ల అర్జీ ముగిసిపోయింది. లేని గ్రామానికి జాగా ఇవ్వడం కుదరదు.

రోడ్డు పక్కన నీలిరంగు టార్పాలిన్ల కింద నూట పాతిక కుటుంబాలున్నాయి. కాసులమ్మ తడిసిన బియ్యం ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి, ముందు మంచినీళ్లిచ్చింది. ఆ తరవాత, ఈ సోమవారం అర్జీలో ఏం రాయించమంటావు బాబూ అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నేను ముప్పై ఒక్క ఏళ్లుగా అర్జీలు తీసుకుంటున్నాను, నోట్లు రాస్తున్నాను. రాసినవాటిలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆవిడ ముందు నిలబడితే ఆ సంగతి నాకు గర్వంగా తోచలేదు. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. ఎందుకో దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు.

"ఈసారి అర్జీ తేవద్దమ్మా" అన్నాను. "ఊరు తెచ్చెయ్యండి."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఊరు వచ్చింది. లారీల మీద తెప్పలు, వలలు, మంచాలు, వంటసామాను, కోళ్లు, గుడి మెట్లు పోయినా మిగిలిన అమ్మవారి ఘటాలు. మా ఆఫీసు ఆవరణ ఎనిమిదెకరాలు. మధ్యాహ్నానికి పొయ్యిలు వెలిగాయి. డైరెక్టర్ గారి కారుకు దారి లేక గేటు బయటే ఆగింది. పోలీసులను పిలవాలని ఆయన ఫోన్ తీశారు. అంతకంటే ముందు నా నోటు ఆయన బల్ల మీదకి చేరింది.

ఆ నోటులో నేను కొత్తగా కల్పించినదేమీ లేదు. మువ్వలరేవు గ్రామానికి ప్రభుత్వ రికార్డులో తూర్పు సరిహద్దు సముద్రం అని ఉంది. ఆ ఎంట్రీని ఇంతవరకూ ఎవరూ రద్దు చేయలేదు. గ్రామం ఇప్పుడు ఈ ఆవరణలో ఉన్నది. కావున ఈ ఆవరణ తూర్పు గోడ వద్ద సముద్రం ఉన్నట్లు భావించవలసి యున్నది. కావున ఈ కార్యాలయం తీరకోత ప్రాంతంలో ఉన్నది. కోత ప్రాంతంలో ఉద్యోగులను ఉంచరాదని మన డైరెక్టరేటే అయిదేళ్ల కిందట జారీచేసిన సర్క్యులరు ఇందువెంట జతపరచడమైనది. తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.

చిత్తరంజన్ గారు అది మూడుసార్లు చదివారు. చదువుతూ చదువుతూ తూర్పు కిటికీ వైపు చూశారు. బయట కారుషెడ్డు, దాని వెనక జీడితోట. అయినా కుర్చీ కొంచెం ఇవతలికి లాక్కున్నారు. ఫణిభూషణ్ గారిని పిలిచి చూపించారు. ఆయన రికార్డు తెప్పించుకుని తిరగేసి, సరిహద్దు విషయం నిర్వివాదమని, రికార్డుకు విరుద్ధంగా జీడితోటను గుర్తించే అధికారం తమకు లేదని తేల్చారు. తనకు ఈత రాదని కూడా నోటు చివర రాశారు.

మువ్వలరేవుకు ఏడేళ్లలో దొరకని జాగా మా డైరెక్టరేటుకు తొమ్మిది రోజుల్లో దొరికింది. సముద్రానికి నాలుగు వందల కిలోమీటర్ల అవతల, ఒక కొండ మీద. తీరాన్ని పరిశీలించడానికి అంతకంటే భద్రమైన స్థలం లేదని ప్రభుత్వం అభినందిస్తూ రాసింది. ఖాళీ చేసిన ఆవరణను రికార్డుల్లో సముద్రభాగంగా మార్చారు. సముద్రంలో ఆక్రమణ అనేది ఉండదు కాబట్టి, అక్కడున్న వాళ్లను ఖాళీ చేయించే ప్రశ్న తలెత్తలేదు. కరెంటు వాళ్లు మాత్రం సముద్రంలో మీటర్లు ఎలా పెట్టాలో తెలియక ఇప్పటికీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతున్నారు.

హైమవతి గారు నవంబరులో మళ్లీ దక్షిణ ధ్రువానికి ఓడ ఎక్కింది. వెళ్లే ముందు వచ్చి ఆవరణంతా తిరిగి చూసింది. మీ నోటు ఒక ప్రతి ఇస్తారా అని నన్నడిగింది. దేనికండీ అంటే, పదకొండు వేల ఏళ్ల గాలి చేయలేని పని చేసిందిగా, దాచుకుంటాను అంది. మెచ్చుకుందో బాధపడిందో తేల్చుకోలేకపోయాను. ప్రతి ఇచ్చాను.

నాకు కొండ మీదికి బదిలీ అయింది. బయలుదేరే రోజు గదుల తాళాలన్నీ ఒక తీగకు గుచ్చి కాసులమ్మ చేతికిచ్చాను. ఆమె వాటిని లెక్కపెట్టకుండానే బొడ్లో దోపుకుంది. మెట్ల మీద నిలబడి తూర్పు వైపు చూసింది.

"ఇక్కడికి సముద్రం ఎంత దూరం బాబూ?"

ఏ సముద్రం అని అడగబోయి ఆగాను. నిజం సముద్రం నాలుగు కిలోమీటర్లుంటుందని చెప్పాను.

ఆమె తన మొదటి వీధి పోయిన ఏడు నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద లెక్క వేసుకుంది. చాలాసేపు పట్టింది.

"పర్లేదు. నా మనవరాలి దాకా సరిపోద్ది" అంది.

ఆపైన లోపలికి తిరిగి, తూరుపు పక్క గదులు ఎవులూ తీసుకోకండని కేక వేసింది.